ఆరేళ్లుగా మా మిషన్ షాపులో ఈఆర్పీనెక్స్ట్

బాలానగర్‌లోని మా మిషన్ షాపులో 30 మందిమి పనిచేస్తాం. ఉక్కు కడ్డీలు కొని, కోసి, లేత్ మీద తిప్పి వాల్వు భాగాలు చేసి పంపుతాం. స్టోరూ, ఉత్పత్తి లెక్కలూ నేనే చూస్తాను. ఎక్సెల్ వదిలి ఈఆర్పీనెక్స్ట్‌కు మారి ఆరేళ్లయింది. సరుకు, ఉత్పత్తి, ఖాతాల లెక్కలన్నీ ఒకేచోట చూసుకునేందుకు ముంబైకి చెందిన ఫ్రాపే సంస్థ తయారుచేసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. లైసెన్సుకు డబ్బు కట్టనక్కరలేదు గానీ, సర్వరుకూ బ్యాకప్ చూసే మనిషికీ ఖర్చు తప్పదు.

మొదటి ఏడాది చివర సరుకు లెక్కపెడితే, కంప్యూటర్లో ఉన్నన్ని కడ్డీలు స్టోర్లో లేవు. దొంగతనమేమోనని స్టోర్ కుర్రాళ్లను అనుమానించాం. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. తప్పంతా మేం రాసిన బీఓఎంలోనే, అంటే ఒక్కో భాగానికి ఎంత సరుకు పడుతుందో చెప్పే జాబితాలోనే ఉంది. 50 మి.మీ. కడ్డీ మీటరుకు సుమారు 15.4 కిలోలు తూగుతుంది. భాగం పొడవు 80 మి.మీ. కాబట్టి అంతే రాశాం. రంపం కోతకూ, భాగం చివరలు చదును చేయడానికీ పోయే 5 మి.మీ. మరిచిపోయాం. వెయ్యి భాగాలకు 77 కిలోల తేడా! పని పూర్తయిందని నమోదు చేసిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ మేం రాసిన లెక్క ప్రకారమే సరుకు తగ్గించుకుంటూ పోయింది. ఇప్పుడు స్టోర్ నుంచి తూచి ఇచ్చిన బరువే తగ్గేలా సెట్టింగు మార్చాం. మైనస్ స్టాకును, అంటే లెక్కలో లేని సరుకును కూడా వాడినట్టు రాయడాన్ని, అనుమతించే సెట్టింగు కూడా తీసేశాం. దాంతో రసీదు నమోదు కాని సరుకును స్టోర్ నుంచి ఇవ్వడం కుదరలేదు. రెండు వారాలు అందరూ నా మీద విసుక్కున్నారు. ఆ తర్వాత లారీ దిగిన గంటలోనే రసీదు నమోదు కావడం మొదలైంది.

నేను దీన్ని మనసారా మెచ్చుకునేది మాత్రం బ్యాచ్ నంబర్ల విషయంలో. ప్రతి కడ్డీకీ ఉక్కు మిల్లు వేసిన హీట్ నంబరు, అంటే అది ఏ విడత కరిగించిన ఉక్కో చెప్పే నంబరు ఉంటుంది. కడ్డీలు రాగానే ఆ నంబరుతోనే బ్యాచ్ తెరిచి, టెస్ట్ సర్టిఫికెట్‌ను దానికి జతచేస్తాం. రెండేళ్ల కిందట ఒక కొనుగోలుదారు కొన్ని భాగాల్లో గట్టిదనం తక్కువగా ఉందన్నారు. పాత పద్ధతిలో ఫైళ్లు తిరగేయడానికే మూడు రోజులు పట్టేది. ఆ రోజు అరగంటలో తేలింది: ఒకే హీట్, 140 భాగాలు, రెండు చలాన్లు. వాటినే వెనక్కి రప్పించాం. మిగతా సరుకు కదపాల్సిన అవసరమే రాలేదు.

ఏ పనికి ఎంత సమయం పట్టిందో నమోదు చేసే జాబ్ కార్డుల దగ్గర మాత్రం ఇంకా గెలవలేదు. మిషన్ల నుంచి నేరుగా సమయం తీసుకునే ఏర్పాటు మేం పెట్టలేదు. ఆపరేటరే మొదలు, ముగింపు నొక్కాలి. చేతులకు నూనె ఉన్నప్పుడు ట్యాబ్లెట్ ఎవరు ముట్టుకుంటారు? షిఫ్టు చివర అన్నీ ఒకేసారి నింపేస్తారు. అందుకే ఆ గంటల ఆధారంగా ధర కట్టనివ్వను. కొత్త ఆర్డరు వస్తే ఇప్పటికీ గడియారం పట్టుకుని లేత్ పక్కన నిలబడి, మొదటి పది భాగాలకు పట్టే సమయాన్ని నేనే రాసుకుంటాను.