పాత ఆటలతో విండోస్ నుంచి లినక్స్‌కి: రెట్రోఆర్క్ రివ్యూ

పాత గేమింగ్ మెషీన్ల ఆటలను కంప్యూటర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్‌ని ఎమ్యులేటర్ అంటారు. అది బాగుందా లేదా అన్నది చాలామంది ఆట ఎంత స్పీడుగా నడుస్తుందో చూసి చెబుతారు. నేను చూసింది ఒక్కటే. కంప్యూటర్ మారితే నా సేవ్‌లు, అంటే ఆటలో ఎంతవరకు వచ్చానో దాచిన ఫైళ్లు, నాతో వస్తాయా? రెట్రోఆర్క్ అనే ఈ సాఫ్ట్‌వేర్‌లో వచ్చాయి. అందుకే మార్కులు వేస్తున్నాను.

విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో ఉన్నది నాలుగో తరం ఇంటెల్ డెస్క్‌టాప్. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి ఈ ప్రాసెసర్ పనికిరాదు. ద్వారకా నగర్‌లో ఒక షాపులో అడిగితే, "కొత్తది తీసుకోండి మేడమ్, ఆటలు మళ్లీ ఎక్కించుకోవచ్చు" అన్నారు. ఆటలు సరే. పోకెమాన్ ఎమరాల్డ్ అనే గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఆటలో నేనూ తమ్ముడూ కాలేజీ రోజుల నుంచి పెంచిన టీమ్ ఉంది, ఇప్పుడు మా బాబు దాన్నే ఆడుతున్నాడు. అది ఏ షాపులో దొరుకుతుంది? ఆ టీమ్ మొత్తం 128 కేబీ చిల్లర ఉండే ఒక .ఎస్ఆర్ఎం ఫైల్‌లో ఉంది. దాని కోసమే పాత మెషీన్‌లో, విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్ వేసుకున్నాను.

రెట్రోఆర్క్‌లో పైకి కనిపించేది మెనూ. ఆటను నడిపేది లోపల ఉండే 'కోర్', ఒక్కో గేమింగ్ మెషీన్‌కి ఒక్కో రకం. ఈ కోర్‌లు విండోస్‌లో .డీఎల్ఎల్ ఫైళ్లు, లినక్స్‌లో .ఎస్ఓ ఫైళ్లు. కాబట్టి ఫోల్డర్ మొత్తం ఎత్తుకొచ్చి పెడితే ఏ ఆటా తెరుచుకోదు. కోర్‌లు పాత చోటే వదిలేసి, కొత్త సిస్టమ్‌లో ఆన్‌లైన్ అప్‌డేటర్‌లోకి వెళ్లి కోర్ డౌన్‌లోడర్‌తో దించుకోవాలి. మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఫ్లాట్‌ప్యాక్ (లినక్స్ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల్లో ఒక రకం) ఎంచుకుంటే ఈ పని సాఫీగా జరుగుతుంది. సెట్టింగ్‌లు రాసి ఉండే పాత కాన్ఫిగ్ ఫైల్ కూడా తేవద్దు. దాని నిండా సీ డ్రైవ్, డీ డ్రైవ్ దారులే, లినక్స్‌లో వాటికి అర్థం లేదు. ప్లేలిస్టులదీ ఇదే కథ. రోమ్‌ల (ఆటల ఫైళ్ల) ఫోల్డర్ చూపించి మళ్లీ స్కాన్ చేయిస్తే కొత్తవి తయారవుతాయి.

తేవాల్సినవి రోమ్‌లు, సేవ్స్ ఫోల్డర్, బయోస్ ఫైళ్లు (కొన్ని గేమింగ్ మెషీన్లు మొదలవడానికి కావాల్సిన సొంత సాఫ్ట్‌వేర్) ఉండే సిస్టమ్ ఫోల్డర్. చిన్నప్పుడు టీవీ గేమ్‌లో పసుపు క్యాసెట్ పెట్టి ఆడిన కాంట్రాకీ ట్యాంకుల ఆటకీ అసలు సేవ్‌లే లేవు, రోమ్ వస్తే చాలు.

సేవ్‌ల దగ్గర మాత్రం నిదానంగా ఉండండి. సేవ్ ఫైల్ పేరు, రోమ్ పేరు అచ్చంగా ఒకటే ఉండాలి. రోమ్ పేరు అందంగా మార్చారా, ఆట మొదటి నుంచి మొదలవుతుంది. సేవ్‌లను కోర్ పేరుతో విడివిడి ఫోల్డర్లలో పెట్టే సెట్టింగ్ ఒకటుంది, అది రెండు చోట్లా ఒకేలా ఉంచండి. ఇక సేవ్ స్టేట్‌ల మీద ఆశ పెట్టుకోకండి. ఆట మధ్యలో ఏ క్షణానైనా ఆపి దాచేవి అవి. కోర్ వెర్షన్ మారితే తెరుచుకోకపోవచ్చు. విండోస్ తీసేసే ముందు ప్రతి ఆటలోకీ వెళ్లి, ఆటలోనే ఉండే సేవ్ ఒకసారి కొట్టండి. నాకు టెన్షన్ తగ్గింది దానివల్లే. ఫ్లాట్‌ప్యాక్‌లో సేవ్స్ ఫోల్డర్ హోమ్‌లో దాగి ఉంటుంది. ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ నొక్కితే 'డాట్ వార్' (.var) అనే ఫోల్డర్ కనబడుతుంది, దాని లోపల 'యాప్' (app) ఫోల్డర్‌లో వెతకండి.

ప్లేస్టేషన్ ఆటలున్నవాళ్లకి ఇంకో మాట. లినక్స్‌కి పెద్దక్షరం, చిన్నక్షరం వేరు వేరు. ప్లేస్టేషన్ ఆటలను నడిపే బీటిల్ పీఎస్ఎక్స్ కోర్ బయోస్ ఫైల్‌ని చిన్నక్షరాల్లోనే అడుగుతుంది. విండోస్‌లో పెద్దక్షరాలతో ఉన్నా నడిచిన ఫైల్ ఇక్కడ 'మిస్సింగ్' అంటుంది. కోర్ ఇన్ఫర్మేషన్ పేజీలో ఫర్మ్‌వేర్, అంటే ఆ బయోస్ ఫైల్, ఉందో లేదో రాసి ఉంటుంది, ముందు అదే చూడండి. నాకు ఈ సాఫ్ట్‌వేర్‌లో బాగా నచ్చిన పేజీ అది. ప్లేస్టేషన్ ఆట డిస్క్ తరచుగా రెండు రకాల ఫైళ్లుగా ఉంటుంది: డేటా ఉండే బిన్, దాని పేరు రాసి ఉండే క్యూ. క్యూ ఫైల్ లోపల రాసి ఉన్న బిన్ పేరు కూడా అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి.

ఈ ఫైళ్లు పెట్టుకున్న ఎక్స్‌టర్నల్ డిస్క్ విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో ఉన్నా మింట్ చదువుతుంది, ఫార్మాట్ చేయించకండి.

లోటు లేదా అంటే ఉంది. మెనూలు మరీ ఎక్కువ, కొత్తవాళ్లకి ఏది ఎక్కడుందో తెలియడానికి టైమ్ పడుతుంది. జాయ్‌స్టిక్ బటన్ల నంబర్లు లినక్స్‌లో వేరుగా వస్తాయి. చవక యూఎస్‌బీ జాయ్‌స్టిక్ అయితే ఇన్‌పుట్ సెట్టింగ్స్‌లో అన్ని బటన్లూ మళ్లీ నేర్పించాలి. విసుగు పుట్టించే పనే, కానీ ఒక్కసారే.

డబ్బు పెట్టక్కర్లేదు, యాడ్‌లు లేవు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర మార్కు మెనూల కోసం తగ్గించాను. అదే ఎస్ఆర్ఎం ఫైల్ కంచరపాలెంలో ఉండే మా తమ్ముడి ఆండ్రాయిడ్ ఫోన్‌లోకి పంపాను. వాడి ఫోన్‌లోనూ రెట్రోఆర్క్, పోకెమాన్‌ని నడిపే అదే ఎమ్‌జీబీఏ కోర్. టీమ్ మొత్తం తెరుచుకుంది. ఇప్పుడు మామా అల్లుళ్లు ఒకే సేవ్‌ని వంతులవారీగా ఆడుకుంటున్నారు.