చిన్నపిల్లలతోటి శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ చెక్ – మా అనుభవం (5/5)

పాలమూరు దిక్కు నుంచి పిల్లలను తీసుకొని ఫ్లైట్ ఎక్కేటోళ్లకు పనికొస్తదని రాస్తున్న. జడ్చర్ల, షాద్‌నగర్ మీదికెళ్లి శంషాబాద్ దాకా పోవుడు ఈజీనే, అసలు కష్టం సెక్యూరిటీ చెక్ కాడనే, ఎందుకంటే అక్కడ ఏం జరుగుతదో పిల్లలకు ఎవ్వరూ ముందుగాల చెప్పరు, ఒక్కసారే యూనిఫాం వాళ్లు, మిషన్ల సప్పుడు, చేతిలున్న బొమ్మ కూడా ట్రేలో ఏసి లోపలికి పంపుతరు, ఇగ ఏడ్వకుంట ఎట్లుంటరు.

ఎయిర్‌పోర్ట్‌ల సెక్యూరిటీ చెక్ చేసే కేంద్ర బలగం సీఐఎస్‌ఎఫ్ వాళ్ల తీరు మాత్రం నాకు మస్తు నచ్చింది. మా చిన్నదానికి నడుముకు వెండి మొలతాడు, కాళ్లకు పట్టీలు ఉండె. డోర్ లెక్కుండే మెటల్ డిటెక్టర్ దాటంగనే కుయ్యిమన్నది, పిల్ల బిగుసుకపోయింది. లేడీ కానిస్టేబుల్ కింద కూసొని, చేతి డిటెక్టర్‌ను ముందు తన బెల్టు బకల్ కాడ పెట్టి సప్పుడు చేపిచ్చి చూపెట్టి, తర్వాత "ఆవో బేటా" అని పట్టీ కాడ పెట్టింది. పిల్ల రెండో కాలు తనే ముందుకు పెట్టింది! వెనక అంత లైన్ ఉండంగ గా ఓపిక చూసి నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్.

మా అత్తమ్మకు రేడియేషన్ భయం ఉండె. ఎక్స్‌రే బ్యాగులకే అత్తమ్మా, మనుషులు దాటే డోర్‌లో ఉండేది అయస్కాంతం లెక్క పనిచేసేదే అని చెప్తే నిమ్మలమైంది.

లేడీస్‌కు లైన్ వేరే, చెకింగ్ పరదా ఎనక చేస్తరు. అమ్మ పరదా ఎనకకు పోయి కనపడకపోతే పిల్లలు బెదురుతరు, అందుకే నాన్న ముందే దాటి అవతల నిలబడితే మంచిది. పోయేముందు ఇంట్ల టీవీ రిమోట్‌ను చేతి డిటెక్టర్ లెక్క పట్టుకొని, పిల్లలను చేతులు చాపమని ఆట లెక్క ఆడిపియ్యండి, నిజంగ పనిచేస్తది. వచ్చేటప్పుడు ఇంకో ఊరి ఎయిర్‌పోర్ట్‌ల ఒకాయన జల్దీ జల్దీ అని కసిరిండు, అయినా పిల్ల బెదరలే, చేతులు చాపి నిలబడ్డది.

పసిపిల్లల పాలు, ఉగ్గు తీసుకపోనిస్తరు, అడిగితే చూపెట్టాలె. బొమ్మ తుపాకి మాత్రం హ్యాండ్‌బ్యాగ్‌ల వద్దు, లోపలికి రానియ్యరు. మొలతాడు, పట్టీలు తీసేటట్టయితే చెక్-ఇన్ బ్యాగుల ఏయకుండ్రి, వెండి కదా, మీ దగ్గర్నే ఉంచుకోండి.