డిస్క్ నిండితే ముందు ఎన్‌సీడీయూ, దాని మాట మీదే ఉండిపోకండి

చిన్న చిన్న లైనక్స్ సర్వర్లు చూసుకునే పనిలో ఏళ్లుగా నేను విడవకుండా వాడుతున్నది ఎన్‌సీడీయూ అనే టూల్. డిస్క్‌లో ఏ ఫోల్డర్ ఎంత చోటు మింగిందో పెద్దది పైన, చిన్నది కింద పేర్చి చూపిస్తుంది. లోపలికి దిగుతూ పోవడం, అక్కర్లేనిదాని మీద డీ నొక్కడం, అంతే. అదే లెక్క చెప్పే డీయూ కమాండ్ ఇచ్చే చాంతాడంత లిస్టును సార్ట్ చేసుకునే తంతు దీనితో వదిలింది.

ఒక రాత్రి మాత్రం చెయ్యిచ్చింది. జావా అప్లికేషన్ నడిచే మిషన్‌లో డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ కొడితే, సిస్టమ్ ఉండే రూట్ పార్టిషన్ 100% నిండిందంటోంది. వేరే పార్టిషన్లు కలవకుండా మైనస్ ఎక్స్ పెట్టి ఎన్‌సీడీయూ నడిపితే అంతా కలిపినా సగం కూడా లేదు. నడిపింది అన్ని హక్కులూ ఉన్న రూట్ యూజర్‌గానే, కాబట్టి పర్మిషన్ల గొడవ కాదు. డీఎఫ్ మైనస్ ఐ కొట్టి చూస్తే ఐనోడ్లు (ఒక్కో ఫైలు వివరాలు రాసుకునే స్లాట్లు) బోలెడు ఖాళీగా ఉన్నాయి. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మామూలుగా రూట్ యూజర్ కోసం దాచే 5% తో ఇంత తేడా రాదు. అవతల లాగిన్లు ఆగిపోయాయని ఒకటే ఫోన్లు, టెన్షన్.

చివరికి, నడుస్తున్న ప్రోగ్రాములు తెరిచి ఉంచిన ఫైళ్లు చూపించే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌ని, పేరు పోయినవే చూపించమని ప్లస్ ఎల్1 తో నడిపితే దొంగ దొరికాడు. పగలు ఎవరో పెద్ద లాగ్ ఫైలును ఆర్‌ఎం కమాండ్‌తో డిలీట్ చేసేశారు. జావా ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) దాన్ని ఇంకా తెరిచే ఉంచి రాస్తూనే ఉంది. గుమ్మం మీద పేరు పీకేసినంత మాత్రాన అద్దెకున్నవాడు ఇల్లు ఖాళీ చేసినట్టు కాదు కదా! ప్రాసెస్ వదిలేదాకా లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ ఆ డిస్క్ బ్లాకుల్ని వెనక్కి తీసుకోదు. పేర్లు పట్టుకుని వెతికే ఎన్‌సీడీయూకి పేరు లేని ఫైలు కనపడదు. డీఎఫ్ నేరుగా ఫైల్‌సిస్టమ్‌నే లెక్క అడుగుతుంది కాబట్టి దానికి తెలిసింది. అప్పుడు రీస్టార్ట్ చేసే వీల్లేదు. ప్రాసెస్‌ల వివరాలుండే ప్రాక్ ఫోల్డర్‌లో ఆ ప్రాసెస్ నంబరు కిందున్న ఎఫ్‌డీలోకి వెళ్లి, ఆ ఫైలుని సూచించే డిస్క్రిప్టర్‌ను ట్రంకేట్ చేశాను, అంటే ఫైలు సైజు సున్నా చేశాను, డీఎఫ్ అప్పటికప్పుడే దిగింది.

ఎన్‌సీడీయూలో డీ నొక్కినా జరిగేది ఆర్‌ఎం చేసినట్టే. అడిగి మరీ తీసేస్తుంది గానీ, తీసేశాక తిరిగి తెచ్చుకునే దారి లేదు. అందుకే ఇప్పుడు ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడే అసలు సర్వర్లలో, మైనస్ ఆర్ పెట్టి, చూడటానికి మాత్రమే వాడుతున్నాను.

ఇంకో సంగతి. ఎన్‌సీడీయూతో పెద్ద స్కాన్ తర్వాత, మెమరీ లెక్క చెప్పే ఫ్రీ కమాండ్ కొడితే ఖాళీ మెమరీ పడిపోయినట్టుంటుంది. అందులో చాలా వరకు ఐనోడ్ల క్యాష్, అవసరమైతే కెర్నెలే వదిలేస్తుంది. అవైలబుల్ కాలమ్ బాగుంటే కంగారక్కర్లేదు. ర్యామ్ నిజంగానే తక్కువున్న మిషన్ అయితే మైనస్ ఓ తో ఫలితాన్ని ఫైల్లో దింపుకుని, ల్యాప్‌టాప్‌లో మైనస్ ఎఫ్ తో తెరుచుకుంటాను.

నావి చేతివేళ్ల మీద లెక్కపెట్టే సర్వర్లు కాబట్టి నాకిది సరిపోతోంది. వందల మిషన్లకి ఒక్కోదాంట్లో లాగిన్ అయి చూడటం అయ్యే పని కాదు. అక్కడ మానిటరింగే కావాలి.