విజయనగరంలో ఒక తల్లీబిడ్డల క్లినిక్: నర్సు గదికి ఎక్కువ మార్కులు, హాలుకు తక్కువ

మా అమ్మాయి కొడుకు మూడో వారం నుంచీ పొద్దుగూకితే చాలు, కాళ్లు పొట్టలోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చేవాడు. అదే రోజుల్లో మా మేనల్లుడూ అతని భార్యా సంతానం కోసం పరీక్షలు చేయించుకుంటున్నారు. రెండు పనుల మీదా నేను తోడు వెళ్లినది విజయనగరంలోని ఒకే ప్రైవేటు క్లినిక్కుకు. లోపాలు కూడా రాయవలసి ఉన్నందున పేరు పెట్టడం లేదు. ఇది డాక్టర్ల గురించి కాదు, అక్కడి నర్సుల సేవ గురించి.

పసివాడిని తీసుకువెళ్లగానే నర్సు చుక్కల మందు ఊసు ఎత్తలేదు. ముందు బరువు తూచి, పాత చీటీలోని బరువుతో సరిచూసి, తల్లిని తన ఎదుటే పాలు ఇమ్మని చివరిదాకా కూర్చుని గమనించారు. చనుమొన ఒక్కటే కాక దాని చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా బిడ్డ నోటిలోకి వెళ్లేలా పట్టించడం, ఒక వైపు పాలు పూర్తిగా తాగాకే రెండో వైపుకు మార్చడం, భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం, ముంజేతి మీద బోర్లా ఆనించి మెల్లగా ఊపడం మా అమ్మాయి చేత చేయించారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ రోజుకు మూడు గంటలకు మించి, వారంలో కనీసం మూడు రోజులు ఇలా ఏడిస్తే దానిని కోలిక్ అంటారనీ, ఆరో వారం ప్రాంతంలో ఎక్కువై, మూడు నాలుగు నెలలకు దానంతట అదే తగ్గుతుందనీ వివరించారు. మా వియ్యపురాలు గ్రైప్ వాటర్, వాము నీళ్లు పట్టిద్దామంటే, "అమ్మగారూ, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, మంచినీళ్లు కూడా వద్దు. పొట్ట మీద నూనె రాసి మెల్లగా నిమరండి, అది చాలు" అన్నారు. ఆవిడ నొచ్చుకోలేదు, అది ఆ నర్సు గొప్పతనమే. జ్వరం, ఆకుపచ్చని వాంతి, విరేచనంలో రక్తం, పాలు తాగకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా ఆసుపత్రికి రమ్మన్నారు. ఏడుపు భరించలేకపోతే బిడ్డను ఉయ్యాలలో పడుకోబెట్టి తల్లి కాసేపు పక్కకు వెళ్లవచ్చుగానీ, బిడ్డను ఎన్నడూ కుదపకూడదని కూడా చెప్పారు. ఈ మాట మా అమ్మాయికి అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

సంతానం కోసం వచ్చినవారి విషయంలో వీరి పద్ధతి ఇంకా నచ్చింది. భార్యను ఒక్కదాన్నే లోపలికి పిలవకుండా ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి, మొదట భర్త వీర్య పరీక్షే రాశారు. సుమారు సగం కేసుల్లో పురుషునిలోనూ లోపం ఉండవచ్చు, పైగా నొప్పిలేని పరీక్ష. ఇంట్లో మాత్రం అప్పటిదాకా నోములూ మందులూ అన్నీ కోడలికే! వీర్యకణం తయారవడానికి రెండు నెలలకు పైగానే పడుతుంది కనుక, ఖైనీ ఈ రోజు మానేసినా ఫలితం వెంటనే కనిపించదని మా వాడికి నచ్చజెప్పారు. ఐవీఎఫ్ (టెస్ట్ ట్యూబ్ పద్ధతి) మాట తొందరపడి ఎత్తలేదు. అవసరమై విశాఖపట్నం వెళ్లవలసివస్తే, ఆ కేంద్రం ఇలాంటి సంతాన చికిత్సలను నియంత్రించే 2021 చట్టం కింద నమోదైందో లేదో ముందు కనుక్కోమన్నారు.

ఇక లోపాలు. నిరీక్షణకు ఉన్నది ఒకటే హాలు. ఏళ్ల తరబడి బిడ్డ కోసం ఎదురుచూస్తున్న దంపతులు, టీకాలకు వచ్చిన పసిపిల్లల తల్లుల మధ్య గంటలకొద్దీ కూర్చోవాలి. పక్కవారు "మీకెంతమంది పిల్లలమ్మా" అని అడగకుండా ఉండరు. ఒక తడికె అడ్డం పెట్టినా, వేర్వేరు వేళలు ఇచ్చినా తీరిపోయే ఇబ్బంది ఇది. రెండోది ఇంకా విచిత్రం: కోలిక్ ఏడుపు మొదలయ్యేది సాయంత్రం, నర్సు గది మూసేదీ సాయంత్రమే, ఆ తరువాత ఫోను ఎత్తేవారుండరు.

వీర్యం నమూనా ఇవ్వడానికి ప్రత్యేక గది కూడా లేదు. ఇంటి నుంచి తెస్తే గంట లోపు ల్యాబుకు చేర్చాలంటారు. ఊళ్లో వారికి సరే, బొబ్బిలి నుంచి బస్సులో వచ్చేవారికి అది అయ్యే పని కాదు. మా మేనల్లుడు ముందురోజే వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. ఊళ్లో చుట్టాలు లేని దూరప్రాంతం వారు ఆ ఒక్క పరీక్ష మాత్రం గది ఉన్న ల్యాబులో చేయించుకుని, ఆ కాగితంతో ఈ నర్సుల దగ్గరకు రావడం మంచిది.