పైలట్ల బస హోటల్: పగటి నిద్రకు పనికొస్తుందా?

ఉత్తర భారతంలోని ఒక పెద్ద నగరంలో, విమానాశ్రయానికి దగ్గరగా ఉన్న ఒక హోటల్ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. మా సంస్థ విమానాలు నడిపే పైలట్లకూ క్యాబిన్ సిబ్బందికీ ఆ నగరంలో బస అక్కడే. సిబ్బంది ఎక్కడ దిగుతారో బహిరంగంగా చెప్పకపోవడం భద్రత దృష్ట్యా మా వృత్తిలో ఆనవాయితీ కనుక హోటల్ పేరు రాయడం లేదు. విహారయాత్రకు వచ్చినవారి కళ్లతో చూస్తే దీనికి వంక పెట్టడానికి పెద్దగా ఏమీ ఉండదు. గది విశాలంగా ఉంటుంది, పరుపు మంచిది, స్నానాల గదిలో వేడినీళ్లకు ఎదురుచూడనక్కర్లేదు. అయితే రాత్రంతా విమానం నడిపి, ఉదయం ఏడింటికి గదికి చేరి, మధ్యాహ్నం దాకా పడుకుని, మళ్లీ రాత్రికి డ్యూటీ ఎక్కవలసిన మనిషికి ఆ గది ఏ మేరకు పనికొస్తుందన్నదే నేను పెట్టుకున్న కొలమానం.

పైలట్ల అసంతృప్తి అనగానే బయటివారికి ముందుగా జీతం గుర్తుకొస్తుంది. కెప్టెన్ అయినవారికి మన దేశంలో జీతం బాగానే ఉంటుంది. కో పైలట్‌గా చేరినవారికి శిక్షణ కోసం చేసిన అప్పు తీర్చడానికే కొన్నేళ్లు పడుతుంది. ఉద్యోగం మారాలంటే కెప్టెన్ ఏడాది ముందు, కో పైలట్ ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలని 2017లో వచ్చిన నిబంధన కూడా చాలామందికి మింగుడుపడలేదు. అయినా కాక్‌పిట్‌లో, సిబ్బంది వ్యానులో, సిమ్యులేటర్ పరీక్ష దగ్గర కలిసినప్పుడు మేం మాట్లాడుకునేది ఎక్కువగా రోస్టర్ (డ్యూటీల పట్టిక) గురించి, అలసట గురించి. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో విధి సమయ నిబంధనలను సవరించి వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది, రాత్రివేళ కింద లెక్కించే సమయం ఉదయం 5 గంటలకు ముగిసేదాన్ని 6 గంటల దాకా పొడిగించింది, రాత్రి డ్యూటీలో చేయదగిన ల్యాండింగులను 6 నుంచి 2కు తగ్గించింది. అవి 2025 జులైలో, నవంబరులో రెండు విడతలుగా అమలులోకి వచ్చాయి. ఆ డిసెంబరులో కొత్త నిబంధనలకు సరిపడా పైలట్లు లేక ఇండిగో వేలాది సర్వీసులు రద్దు చేసుకోవలసి రావడం, రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి ఆ సంస్థకు తాత్కాలిక మినహాయింపు దొరకడం అందరూ చూసిందే. ఆ మినహాయింపు ప్రయాణికుల ఇబ్బంది తీర్చడానికే కావచ్చు, కానీ కొరత వచ్చినప్పుడల్లా మొదట కోతపడేది మా నిద్రే అన్న బాధ పైలట్లలో మిగిలిపోయింది.

నిబంధన ఇచ్చిన విశ్రాంతి కాగితం మీద ఎంత ఉన్నా, అందులో కునుకు పట్టే గంటలు ఎన్నో తేల్చేది హోటల్ గదే. ఇక్కడ మొదటి లోపం కిటికీ తెర. మందపాటి తెరలే వేశారు గానీ రెండూ కలిసే చోట బెత్తెడు సందు ఉంటుంది. తూర్పు వైపు గదుల్లో తొమ్మిది గంటలకల్లా ఆ సందులోంచి ఎండ నేరుగా దిండు మీద పడుతుంది. అల్మారాలో ప్యాంటు తగిలించుకునే హ్యాంగర్‌కు ఉన్న క్లిప్పులతో రెండు తెరలనూ కలిపి పట్టించడం, తలుపు కింద నుంచి వచ్చే వరండా వెలుతురుకు తువ్వాలు చుట్టి అడ్డుపెట్టడం, టీవీ కింద మెరిసే ఎర్ర దీపం మీద కాగితం అంటించడం మాకు గదిలో అడుగుపెట్టగానే చేసే పనులైపోయాయి. ఇన్ని ఖర్చులు పెట్టిన యాజమాన్యానికి తెరల గుడ్డ ఇంకో అడుగు పెంచడం భారమనుకోను.

వెలుతురు కంటే చప్పుడు పెద్ద సమస్య. తలుపుకు ‘డిస్టర్బ్ చేయవద్దు’ బోర్డు తగిలించినా పది గంటలకు హౌస్‌కీపింగ్ వారు తట్టడం, ఉతికిన బట్టలు పంపమంటారా అని రిసెప్షన్ నుంచి ఫోన్ రావడం నాకూ జరిగింది, తోటివారికీ జరిగింది. పెళ్లిళ్ల సీజనులో పరిస్థితి మరీ అన్యాయం. కింది అంతస్తులో ఫంక్షన్ హాలు ఉంది. తెల్లవారుజామున డ్యూటీ కోసం సాయంత్రం ఏడింటికే పడుకోబోతే, వాకిట్లో పెళ్లికొడుకు ఊరేగింపు, బ్యాండు మేళం, డోలు, ఆపైన అర్ధరాత్రి దాకా డీజే. పెళ్లివారిది తప్పు కాదు. ఒకే కప్పు కింద పెళ్లి వేడుకనూ సిబ్బంది నిద్రనూ అమ్ముకుంటున్నప్పుడు, రెండింటికీ దూరం ఉండేలా గదులు కేటాయించవలసిన బాధ్యత హోటల్‌ది, ఆ మాట ఒప్పందంలో రాయించుకోవలసిన బాధ్యత విమానయాన సంస్థది.

ఇదంతా సుకుమారం కోసం అడుగుతున్నది కాదు. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటిపోయి 158 మంది చనిపోయారు. ప్రయాణంలో చాలాసేపు కెప్టెన్ నిద్రలో ఉన్నారనీ, లేచాక ఆ మత్తు నిర్ణయాల మీద ప్రభావం చూపి ఉండవచ్చనీ విచారణ నివేదిక పేర్కొంది. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు దాకా శరీరం తనంతట తానే మందగించే సమయం, మా డ్యూటీల్లో చాలా ల్యాండింగులు ఆ గంటల్లోనే పడతాయి. నిండా నిద్రపోయి వచ్చిన రోజున ఇదే పని ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. వానలో, మబ్బుల్లోంచి దిగుతూ 200 అడుగుల ఎత్తు దగ్గరపడుతుండగా రన్‌వే దీపాలు వరుసగా కనబడి, ఎదురుగాలిని సరిచూసుకుంటూ చక్రాలు మెత్తగా ఆన్చినప్పుడు, ఈ ఉద్యోగం కాక ఇంకేదీ చేయాలనిపించదు.

భోజనం విషయంలో ఈ హోటల్‌ను మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. రాత్రి రెండున్నరకు బయల్దేరేవారికి కూడా వంటగది తెరిచే ఉంటుంది. పైలట్లిద్దరూ ఒకే వంటకం తినకూడదన్న మా పద్ధతిని ఎవరూ గుర్తుచేయకుండానే కెప్టెన్‌కు ఒకటి, కో పైలట్‌కు ఇంకొకటి వేర్వేరుగా పొట్లం కట్టి, మూత మీద పేరు రాసి ఇస్తారు. రాజ్మా, పనీరు రోజూ తినలేక అడిగితే, రాత్రి డ్యూటీలో ఉన్న వంటాయన ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపుతో పెరుగన్నం కలిపిచ్చారు. అర్ధరాత్రి పూట అంతకంటే ఏం కావాలి! స్నానాల గదిలో పెట్టే చిన్న మౌత్‌వాష్ సీసా మాత్రం సిబ్బంది గదుల నుంచి తీసేయాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వాడడం మాకు నిషేధం, పొరపాటున పుక్కిలించి బ్రెత్ ఎనలైజర్ ముందు నిలబడితే ఉద్యోగానికే ముప్పు. వ్యాను చెప్పిన సమయానికి వస్తుంది, డ్రైవర్లు నెమ్మదస్తులు.

మేం రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాక మేనేజరు సిబ్బంది గదులను వెనుక భవనంలోని పై అంతస్తులకు మార్చారు. అప్పటి నుంచి ఊరేగింపుల చప్పుడు బాగా తగ్గింది, తలుపు తట్టడాలూ అరుదయ్యాయి. తెరలు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి. భోజనానికీ, రవాణాకూ 5కు 5 ఇస్తాను. నిద్రకు 3, తెరలు మార్చిన రోజున 4. రద్దీ ఎక్కువైన రోజుల్లో రిసెప్షన్ వారు మళ్లీ రోడ్డు వైపు గదులే ఇస్తున్నారు కాబట్టి, ఈ నగరం రోస్టరులో పడినవారు తాళం చేతికి తీసుకోకముందే వెనుక భవనంలో పడమటి గది కావాలని అడగాలి. లేదంటే నిద్ర పట్టని ఆ రోజునే అలసట నివేదిక నింపి పంపాలి, ఎందుకంటే ఒప్పందం పునరుద్ధరణ సమయంలో సంస్థ ముందు పెట్టడానికి మా దగ్గర ఉండే ఆధారం అదే.