ఫైబర్ నెట్‌తో వచ్చే ల్యాండ్‌లైన్: నాలుగేళ్లు వాడాక

రాజమహేంద్రవరంలో మా ఇంట్లో పాత రాగి తీగ ఫోన్ తీసేసి, బ్రాడ్‌బ్యాండ్ బాక్సుకే ఫోన్ తగిలించి నాలుగేళ్లు దాటింది. మాట స్పష్టతలో పాతదానికంటే ఇదే మేలు, ఖర్చులోనూ మేలే. కరెంటు సంగతి ముందుగా చూసుకోకపోతే మాత్రం పెద్దవాళ్లున్న ఇంట్లో దీన్ని నమ్ముకోవద్దు. మా అత్తయ్యగారు, మామయ్యగారు ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లు. సెల్‌ఫోన్లు ఉన్నాయి గానీ కింది వాటాలో సిగ్నల్ సరిగా అందదు. హాల్లో గట్టిగా మోగే ఫోన్ ఒకటి ఉండాల్సిందేనని మామయ్యగారి పట్టుదల.

ఇప్పుడు బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో మూడూ ఇంటి ఫైబర్ కనెక్షన్‌తో ల్యాండ్‌లైన్ ఇస్తున్నాయి. మాది ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే పద్ధతి దాదాపు ఒకటే. గోడకు బిగించే ఫైబర్ బాక్సును ఓఎన్‌టీ అంటారు. దాని వెనక నెట్ కేబుల్ పోర్టుల పక్కనే చిన్న ఫోన్ పోర్టు ఉంటుంది. మామూలు ఫోన్ తీగ అందులో గుచ్చితే చాలు. గొంతును డేటాగా మార్చి నెట్ దారిలో పంపే పని బాక్సే చూసుకుంటుంది. దానికి కావలసిన ఎస్ఐపీ ఖాతా (నెట్ మీద ఫోన్ కాల్స్ కలిపే ఖాతా) వివరాలు కంపెనీయే దూరం నుంచి బాక్సులోకి ఎక్కిస్తుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మన చేతికి రావు. కాబట్టి వైఫై కోసం మీరు ఎంత మంచి రౌటర్ విడిగా కొనుక్కున్నా, ఫోన్ మాత్రం కంపెనీ బాక్సుకే వేలాడాలి.

లైన్ వేయడానికి వచ్చిన కుర్రాడు ఫోన్ తీగను నెట్ కేబుల్ పోర్టులో గుచ్చి వెళ్లిపోయాడు. ఆ చిన్న పిన్ను పెద్ద పోర్టులోనూ దూరుతుంది, డయల్ టోన్ మాత్రం రాదు. బాక్సు మీద ఫోన్ లైటు నిలకడగా వెలుగుతూ ఫోన్ మాత్రం మూగగా ఉంటే మొదట చూడాల్సింది అదే. లైటే వెలగడం లేదంటే తప్పు మన వైపు కాదు, నంబరు కంపెనీ సిస్టంలో ఇంకా రిజిస్టర్ కాలేదని అర్థం. మాకు అది కావడానికి వారం పట్టింది. ఆ వారమంతా కస్టమర్ కేర్ వాళ్లది ఒకటే పాట: "బాక్సు ఆపి మళ్లీ ఆన్ చేయండి మేడమ్."

ఇంట్లో పాత వైరింగ్ ఉంటే పారేయకండి. మాకు హాల్లో, పై గదిలో, అత్తయ్యగారి మంచం పక్కన ఫోన్ పాయింట్లున్నాయి. బాక్సు నుంచి ఒక తీగ తీసుకెళ్లి ఆ వైరింగ్‌కు కలిపితే అన్నిచోట్లా మోగుతుంది. అయితే బయటి నుంచి వచ్చే ఎక్స్ఛేంజి తీగను ముందు పూర్తిగా విడదీయాలి. ఆ లైన్లో ఇంకా 48 వోల్టుల కరెంటు ఉండొచ్చు, రెండూ కలిస్తే బాక్సులోని ఫోన్ పోర్టు పోతుంది. ఇంకోటి, ఈ బాక్సులకు ఎన్నో ఫోన్లను మోగించే సత్తువ ఉండదు. మా ఇంట్లో రెండు బాగానే మోగాయి, మూడోది పెట్టాక గంట నీరసపడింది. తీసేశాం.

మాట నాణ్యత గురించి ఫిర్యాదు లేదు. చాలామంది దీనికి పెద్ద ప్లాన్ కావాలేమో అనుకుంటారు, అవసరం లేదు. గొంతును డేటాగా మార్చడానికి మామూలుగా వాడే జీ.711 పద్ధతిలో ఒక కాల్‌కు అటు వంద, ఇటు వంద కేబీపీఎస్ కూడా పట్టదు. 30 ఎంబీపీఎస్ ప్లాన్‌లో అది లెక్కలోకే రాదు. పైగా కంపెనీ బాక్సు మాటల డేటాను మామూలు నెట్‌తో కలపకుండా వేరే దారిలో పంపుతుంది. పిల్లలు పైన సినిమా చూస్తున్నా, నేను ఫోటోలు అప్‌లోడ్ చేస్తున్నా కింద మామయ్యగారి కాల్ తెగిన గుర్తు లేదు.

అదే నంబరును సెల్‌ఫోన్‌లో వాడుకోవడానికి కంపెనీ ఇచ్చే యాప్‌కు ఈ మర్యాద దక్కదు. అది మన వైఫై మీదే బతకాలి. వంటింటి వెనక్కి వెళ్తే మాట ముక్కలైపోతుంది. ఆండ్రాయిడ్ బ్యాటరీ పొదుపు దాన్ని నిద్రపుచ్చితే వచ్చే కాల్ మోగనే మోగదు. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ ఆంక్షలు తీసేశాక కొంత నయం. అయినా నేను దాన్ని లెక్కలో వేసుకోను.

ఇక కరెంటు. పాత ఫోన్‌కు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే ఆ రాగి తీగలోనే వచ్చేది. తుఫానుకు ఊరంతా చీకటైనా ఫోన్ పలికేది. ఫైబర్ అంటే గాజు తీగ, అందులో కరెంటు రాదు. ఇంట్లో కరెంటు పోతే బాక్సు ఆరిపోతుంది, దానితో పాటే ఫోనూ. ఇన్వర్టర్ ఉంది కదా అని మేం ధీమాగా ఉన్నాం. కానీ అది అందుకునే ఆ రెప్పపాటులో బాక్సు ఆరి వెలిగి, మళ్లీ ఫోన్ లేచేసరికి మూడు నాలుగు నిమిషాలు. వేసవిలో కోతలు పదే పదే ఉంటే ఇదో టెన్షన్. దీనికి మందు రౌటర్ల కోసం అమ్మే మినీ యూపీఎస్. సుమారు 1,500 రూపాయలు. కొనేముందు మీ బాక్సు అడాప్టర్ మీద ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి. ఎక్కువగా 12 వోల్టులే ఉంటుంది, 9 వోల్టులది తగిలించకూడదు. మాది కొత్తలో నాలుగు గంటలు లాగేది, ఇప్పుడు రెండు. లోపలి బ్యాటరీ అరిగింది, మార్చాలి.

కార్డ్‌లెస్ ఫోన్ పెట్టుకున్నవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి: దాని బేస్‌కు విడిగా కరెంటు కావాలి. బాక్సు వెలుగుతున్నా బేస్ ఆరితే ఫోన్ లేనట్టే. అందుకే అత్తయ్యగారి మంచం పక్కన తీగ ఉన్న పాత ఫోనే ఉంచాం. ఒక రాత్రి కరెంటు లేనప్పుడు 108కి చేసింది దాని నుంచే. వెంటనే కలిసింది. వీధిలో కరెంటు లేకపోయినా ఫైబర్ పనిచేస్తుందా అని అడుగుతుంటారు. మాలాంటి కనెక్షన్లలో ఒక ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచడానికి మధ్యలో ఉండే స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, కంపెనీ కేంద్రంలో బ్యాటరీలు ఉంటే చాలు. తీగే తెగితే మాత్రం బాక్సు మీద ఎర్ర లైటు వెలుగుతుంది, నెట్టూ ఫోనూ ఒకేసారి పోతాయి. స్తంభాల మీద వేలాడే తీగ కదా, ఎత్తుగా గడ్డి వేసుకొచ్చిన లారీ చాలు.

చిన్న చిన్న చిరాకులు కొన్ని. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌ఫోన్‌కు చేయాలంటే ముందు సున్నా కొట్టాలి. మామయ్యగారు ఇప్పటికీ మర్చిపోతారు. నంబరు నొక్కాక కాల్ కదలడానికి మా బాక్సు కొన్ని సెకన్లు ఆగుతుంది, చివర్న హ్యాష్ నొక్కితే వెంటనే వెళ్తుంది. ఎస్ఎంఎస్ ఓటీపీలు దీనికి రావు కాబట్టి బ్యాంకులో ఈ నంబరు ఇచ్చి లాభం లేదు. చక్రం తిప్పే పాత ఫోన్ మీద మోజుంటే షోకేసులో పెట్టుకోండి, మా బాక్సు దాని డయల్‌ను అర్థం చేసుకోలేదు.

నంబరు విషయంలో నిజంగా నొచ్చుకున్నాం. సెల్‌ఫోన్‌కు ఉన్నట్టు ల్యాండ్‌లైన్‌కు పోర్టబిలిటీ లేదు. కంపెనీ మారగానే బంధువులందరి నోటికీ వచ్చిన నంబరు పోయి 0883తో కొత్తది వచ్చింది. పాత కంపెనీలోనే రాగి నుంచి ఫైబర్‌కు మారే వీలుంటే, నంబరు నిలుస్తుందా అని ముందుగా అడగండి. కాల్స్‌కు విడిగా డబ్బు లేదు, ప్లాన్ మీద 18 శాతం జీఎస్టీ కలిపి కట్టడమే. గడువు దాటితే మాత్రం నెట్‌తో పాటు వచ్చే కాల్స్ కూడా ఆగిపోతాయి. అందుకే మేం ఆరు నెలలకు ఒకసారి కట్టేస్తున్నాం.