మాస్ ఎఫెక్ట్ 2: బలగాన్ని కూడగట్టే ఆట

2007లో వచ్చిన మొదటి మాస్ ఎఫెక్ట్ వీడియో గేమ్‌లో గెలాక్సీని కాపాడిన కమాండర్ షెపర్డ్, బయోవేర్ సంస్థ 2010 జనవరిలో విడుదల చేసిన రెండో భాగంలో ఆట మొదలైన కొద్ది నిమిషాలకే ప్రాణాలు కోల్పోతుంది. (పాత్ర పురుషుడా, స్త్రీయా అన్నది మన ఇష్టమే, జెన్నిఫర్ హేల్ గొంతు కోసం నేను స్త్రీ పాత్రనే ఎంచుకున్నాను.) రెండేళ్ల తరువాత ఆ శరీరానికి తిరిగి ప్రాణం పోసేది మొదటి భాగంలో మనం శత్రువుగా ఎదుర్కొన్న సెర్బెరస్ అనే సంస్థ. మానవజాతి ఆధిపత్యం కోసం ఎంతకైనా తెగించే ఆ సంస్థ సొమ్ముతో, అది కట్టించి ఇచ్చిన నౌకలో తిరగవలసి రావడం వల్ల కలిగే ఇబ్బంది ఆట పొడవునా వెంటాడుతుంది. దాని అధిపతి ఇల్యూజివ్ మ్యాన్‌కు గాత్రదానం చేసిన మార్టిన్ షీన్ ఎంత తాపీగా, ఎంత నచ్చజెప్పే ధోరణిలో మాట్లాడతాడంటే, అతని మాట వింటున్నంతసేపూ మనకే సందేహం మొదలవుతుంది.

మానవ స్థావరాల నుంచి జనాన్ని ఎత్తుకుపోతున్న కలెక్టర్లు అనే గ్రహాంతర జాతి స్థావరంపై దాడి చేయడం ఇందులోని ప్రధాన కథ. అయితే అది నిజానికి ఒక మిష మాత్రమే, ఆటలో అధిక భాగం ఆ దాడికి కావలసిన మనుషులను వెతికి తెచ్చుకోవడంలోనూ, వారి మనసుల్లోని ముళ్లను తీయడంలోనూ గడుస్తుంది. వీరందరిలో నాకు మరపురాని పాత్ర సలేరియన్ అనే గ్రహాంతర జాతికి చెందిన శాస్త్రవేత్త మోర్డిన్ సోలస్. క్రోగన్ అనే మరో గ్రహాంతర జాతిలో పుట్టే బిడ్డలు బతకకుండా చేసే జీనోఫేజ్ అనే జీవాయుధాన్ని, అది బలహీనపడుతున్న దశలో, మళ్లీ పదును పెట్టినవారిలో అతనూ ఒకడు. లెక్కలన్నీ సరిచూసుకునే ఆ పని చేశానని గుక్క తిప్పుకోకుండా వాదించే ఆ మనిషి, టుచాంకా గ్రహంపై ఒక క్రోగన్ స్త్రీ శవం ఎదుట తడబడతాడు. అతని శిష్యుడు దారుణమైన ప్రయోగాలతో సేకరించిన విరుగుడు సమాచారాన్ని దాచాలా, నాశనం చేయాలా అన్న నిర్ణయం మన చేతికి వచ్చేసరికి నేను చాలాసేపు ఏ మీటా నొక్కలేకపోయాను.

ఇలా సంపాదించిన విశ్వాసానికి చివరి దాడిలో లెక్క తేలుతుంది. స్థావరంలోని గొట్టాల గుండా ఎవరిని పంపాలి, రెండో జట్టుకు ఎవరు నాయకత్వం వహించాలి, కీటకాల గుంపును అడ్డుకునే రక్షణ వలయాన్ని ఎవరు నిలపగలరు అని ఆట అడుగుతుంది గాని, సరైన జవాబేదో చెప్పదు. ఆ వలయం నిలపడానికి మన జట్టులోని మిరాండా శక్తి చాలదని గ్రహించనివారు తోటివారిలో ఒకరిని పోగొట్టుకుంటారు. నౌక కవచాన్ని, ఫిరంగులను ముందే మెరుగుపరచకపోతే స్థావరం చేరకముందే చావులు మొదలవుతాయి. అపహరణకు గురైన నౌకా సిబ్బందిని వెంటనే వెతుక్కుంటూ పోకుండా మిగిలిన పనులు చక్కబెట్టుకుంటూ కూర్చుంటే, వారు కళ్లెదుటే కరిగిపోవడం చూడవలసి వస్తుంది. ఎవరూ మిగలకపోతే షెపర్డ్ కూడా మిగలదు.

పోరాటం మొదటి భాగంకంటే ఎంతో చురుకుగా ఉంది. కాని తుపాకి వేడెక్కే పాత పద్ధతి స్థానంలో తుపాకి వేడిని పీల్చే థర్మల్ క్లిప్పులను ఏరుకోవలసి రావడం, సామాన్ల సంచీని పూర్తిగా ఎత్తివేయడం, నైపుణ్యాలను కుదించడం చూస్తే రోల్ ప్లేయింగ్ ఆటలను ఇష్టపడేవారికి వెలితి కనిపించక మానదు. మొదటి భాగంలోని సంచీని సర్దడంతోనే విసిగిపోయిన నేను మాత్రం దాని కోసం బెంగపెట్టుకోలేదు. అసలు విసుగంతా గ్రహాలను స్కాన్ చేయడంలో ఉంది: గోళం మీద వలయాన్ని మెల్లగా జరుపుతూ, గ్రాఫ్ లేచిన చోటల్లా ప్రోబ్ వదులుతూ ప్లాటినం, పల్లాడియం పోగుచేయడం గుమాస్తా పని. పైగా నౌకను మెరుగుపరచాలంటే ఆ ఖనిజాలు తప్పనిసరి. చిట్టచివర ఎదురయ్యే మనిషి ఆకారపు మహాయంత్రం కూడా అంతటి కథకు తగినది కాదు. భయపడవలసిన చోట నాకు నవ్వు వచ్చింది.

ఇప్పుడు కొనదలచినవారికి మూడు భాగాలనూ కలిపి 2021 మేలో తెచ్చిన లెజెండరీ ఎడిషన్ అనుకూలమైనది. తొందరపడి నేరుగా రెండో భాగానికి వెళ్లవద్దు. మొదటి భాగంలో మనం బతికించిన రెక్స్ అనే క్రోగన్ యోధుడు, సేవ్ ఫైలును ఇందులోకి తెచ్చుకున్నప్పుడు, టుచాంకాలో తన తెగకు నాయకుడై సింహాసనం దిగి వచ్చి పలకరిస్తాడు. అతన్ని అప్పుడు చంపుకున్నవారికి ఆ సింహాసనంపై మరొకడు కనిపిస్తాడు.